ఇంటి పన్ను పెంపుపై అర్జీ పెట్టే ముందు

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నుకు ఆధారం అద్దె విలువ కాదు, ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం కలిపిన విలువ). టెన్షన్ పడి మున్సిపల్ ఆఫీసుకు పరిగెత్తే ముందు ఇవి చూసుకోండి.

- పాత, కొత్త డిమాండ్ నోటీసులు (ఎంత పన్ను కట్టాలో చెప్పే కాగితాలు) పక్కపక్కన పెట్టండి. ఏడాదికి పెంపు 15 శాతం మించకూడదు. కొత్తగా గదో అంతస్తో వేసుంటే ఆ లెక్క వేరు.

- ప్లింత్ ఏరియా (గోడలతో సహా కట్టిన విస్తీర్ణం) మీరే టేపు పట్టి కొలవండి. సొంతంగా ఉంటున్న ఇంటిని వాణిజ్య భవనంగా రాశారేమో, కట్టిన సంవత్సరం, శ్లాబా రేకులా అన్నదీ చూడండి. అసలు పని ఇదే, తీరిగ్గా చేయండి.

- అసెస్‌మెంట్ నంబరు (మీ ఇంటి పన్ను ఖాతా నంబరు), పాత రసీదులు, ఇంటి ప్లాన్ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి.

- నోటీసులో గడువు తేదీ.

- అర్జీ కమిషనర్ పేరిట రాసివ్వండి, మీ కాపీపై ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పొస్తే చెప్పనట్టే.

- కోపంతో కట్టడం ఆపొద్దు, వడ్డీ పడుతుంది.