బండి మిస్సింగ్ ఇస్తోందా? కొత్త స్పార్క్ ప్లగ్ వేసేముందు పాతది విప్పి చూడండి

స్టార్ట్ కావడానికి మొరాయించడం, కుదుపులు, పికప్ పడిపోవడం. ఇంజన్‌లో పెట్రోలు మధ్యమధ్యలో అంటుకోకపోతే, అంటే మిస్సింగ్ ఇస్తే, ఇలాగే ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ మార్చేసి ఊరుకుంటారు. కొన్నాళ్లు బాగానే నడిచి బండి మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే ప్లగ్‌ని పాడుచేసిన కారణం ఇంజన్‌లో అలాగే ఉండిపోయింది.

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయండి, లేదంటే అది సిలిండర్‌లో పడుతుంది. తర్వాత విప్పి, మొనని వెలుతురులో చూడండి.

వేలికి అంటుకునే పొడి మసి ఉంటే: పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత కార్బ్యురేటర్ లేదా ఇంజక్టర్ చూపించండి. మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే మసి దానంతటదే కాలిపోతుంది. రోజూ అర కిలోమీటరు తిరిగి ఆగిపోయే బండికి ఆ వేడి రాదు. అప్పుడప్పుడూ కాస్త దూరం నడపండి.

తడిగా, జిడ్డుగా నూనె ఉంటే: ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ అరిగాయన్నమాట. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి.

తెల్లగా మాడి బొబ్బలు కట్టి ఉంటే: బండి నడపడం ఆపేయండి. దాదాపు 850 డిగ్రీలు దాటితే, నిప్పురవ్వ పడకముందే వేడెక్కిన మొన పెట్రోలును అంటించేస్తుంది, పిస్టన్‌కి రంధ్రం పడొచ్చు. పెట్రోలు తక్కువగా అందడం, తప్పు హీట్ రేంజ్ (మొన నుంచి వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పే లెక్క) ఉన్న ప్లగ్, రవ్వ పడే టైమింగ్‌లో తేడా, వీటిలో ఏదో ఒకటి కారణం కావొచ్చు.

లేత గోధుమరంగులో ఉండి కూడా మిస్సింగ్ ఇస్తుంటే అరుగుదల చూడాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, రంగు బాగుంది కదా అని మళ్లీ అదే బిగిస్తారు. ప్లగ్ మొనలో మధ్య కడ్డీకీ, దాని మీదికి వంగిన కడ్డీకీ నడుమ చిన్న సందు (గ్యాప్) ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ వేల వోల్టులకు పెంచితేనే రవ్వ ఆ సందు దాటుతుంది. దాటిన ప్రతిసారీ పిసరంత లోహం పోతుంది. కొత్త ప్లగ్ మధ్య కడ్డీ అంచు పదునుగా ఉంటుంది, పాతది అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రబడుతుంది. పదునైన అంచు నుంచి రవ్వ తేలిగ్గా దూకుతుంది, మొద్దు అంచు నుంచి దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పైగా సందు కూడా పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి మిస్సింగ్ ముందు అక్కడే బయటపడుతుంది. మాన్యువల్‌లో ఉన్న గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకుల పనిముట్టు) సరిచూడండి, చాలా బైకులకు 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్లు. అంచు గుండ్రబడితే మాత్రం గ్యాప్ సరిచేసి లాభం లేదు, మార్చేయండి. ఇరీడియం ప్లగ్ మొన సన్నం, దాన్ని వైరు బ్రష్‌తో రుద్దకండి.

ప్లగ్ బాగుంటే క్యాప్, వైరు, కాయిల్ చూడండి.

బిగించేటప్పుడు ముందు చేత్తోనే తిప్పండి, మర తప్పితే సిలిండర్ హెడ్ పాడవుతుంది. వాషరున్న కొత్త ప్లగ్ అయితే చేతికి బిగిశాక పానాతో సుమారు అర చుట్టు చాలు.