పక్కింటోళ్ళు వైఫై అడిగితే ఏటి సెయ్యాలి

మన శ్రీకాకుళంలో ఎవరింటికైనా ఫైబర్ వైరు లాగితే వీధి మొత్తానికి తెలిసిపోతాది, టెక్నీషియన్ ఇంకా నిచ్చెన దిగకముందే ఎదురింటి పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి "ఏటి బాబూ, నెట్టు పెట్టించినారా, నెలకెంత పడతాది" అని అడుగుతారు, ఇంకో నాల్రోజులు పోయాక "మా గుంటడికి డేటా అయిపోనాది, ఆ పాస్‌వర్డేదో కొంచెం సెప్పు నాన్నా" అంటారు. లేదు అనలేం. మనం ఊరెళ్తే తాళం ఇచ్చేది వాళ్ళకే, రాత్రిపూట గ్యాస్ అయిపోతే సిలిండర్ తెచ్చుకునేది వాళ్ళింట్లోంచే. పైగా ఉద్దానం వైపు నుంచి వచ్చి అద్దెకున్న ఇళ్ళల్లో కొడుకో అల్లుడో గల్ఫ్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు, రాత్రి వీడియో కాల్‌లో మొహం చూసుకోవడమే ఆ తల్లికి ఉన్న సంతోషం, దానికి కూడా మొహం చాటేస్తే బాగోదు. అందుకే నెట్ ఇవ్వండి, మెయిన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకండి. ఈ రెండూ ఒకేసారి కుదురుతాయి, ఎలాగో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మెయిన్ పాస్‌వర్డ్ ఇస్తే ఏటవుతాది? బ్యాంకులో డబ్బులు పోతాయి అని భయపెట్టేవాళ్ళున్నారు గానీ అంత సీన్ లేదు, బ్యాంక్ యాప్‌లు, ఫోన్‌పే, వాట్సాప్ ఇవన్నీ వాటి ఎన్‌క్రిప్షన్ (పంపేదానికి తాళం వెయ్యడం) అవే చేసుకుంటాయి, ఒకే వైఫైలో ఉన్నంత మాత్రాన పక్కింటోళ్ళు వాటిల్లోకి తొంగిచూడలేరు. అసలు తలనొప్పి ఇంట్లో సామాన్లతోటి. ఒకే వైఫైలో ఉన్నవి మామూలుగా ఒకదానికొకటి కనబడతాయి. వాళ్ళబ్బాయి ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి క్యాస్ట్ గుర్తు నొక్కితే మీ హాల్లో టీవీ పేరు వస్తాది, దాన్ని నొక్కాడంటే ఇక్కడ నాన్నగారు తొమ్మిది గంటల వార్తలు చూస్తూ ఉండగా హఠాత్తుగా చిన్నపిల్లల పాటలు మొదలవుతాయి. ఇదంటే నవ్వుకుని వదిలేస్తాం. గుమ్మం మీద పెట్టించిన సీసీ కెమెరా డబ్బాకి బిగించిన రోజు పెట్టిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉందనుకోండి, రౌటర్ (వైఫై ఇచ్చే డబ్బా) సెట్టింగుల పేజీకి కూడా అడ్మిన్, అడ్మిన్ అనే ఉందనుకోండి, అప్పుడు వాటిల్లోకీ దూరిపోగలరు, నవ్వు రాదు.

ఇంకోటి, పాస్‌వర్డ్ చెప్పినోళ్ళ దగ్గరే ఆగదు. ఆండ్రాయిడ్ 10 వచ్చినప్పట్నుంచీ, అంటే 2019 నుంచీ, ఫోన్‌లో సేవ్ అయిన వైఫైని క్యూఆర్ కోడ్‌గా చూపించొచ్చు, ఆ గళ్ళ బొమ్మలో మీ పాస్‌వర్డ్ తాళం ఏమీ లేకుండా మామూలు అక్షరాల్లోనే ఉంటాది, పిన్నిగారి అబ్బాయి దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పడేస్తే పని అయిపోయినట్టే. ఆ గుంటడు కొత్త ఫోన్ కొన్నా కూడా గూగుల్ బ్యాకప్‌లోంచి మన పాస్‌వర్డ్ దానంతటదే అందులోకి వెళ్ళిపోతాది, మనల్ని మళ్ళీ అడగక్కర్లేదు.

కనెక్షన్ మన పేరు మీద ఉందన్న సంగతి కూడా గుర్తుండాలి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు మీడియాకి ఒక బెదిరింపు మెయిల్ వెళ్ళింది, పోలీసులు ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) పట్టుకుని వెళ్తే అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉండే ఇంటి వైఫై అని తేలింది, ఆయనకి ఏ సంబంధం లేదు, వైఫై మాత్రం ఆయనదే, పాపం ఆయన విచారణల చుట్టూ తిరిగాడు. మన వీధిలో అంత ఘోరం జరుగుతాదని కాదు గానీ, ఎవడైనా కుర్రాడు ఎవరికో పిచ్చి మెసేజ్ పెట్టినా, ఎవర్నైనా ఆన్‌లైన్‌లో మోసం చేసినా పోలీసులకి మొదట దొరికే అడ్రస్ బిల్లు కట్టేవాడిదే.

సరే పనిలోకి వద్దాం. ఫోన్‌ని మీ వైఫైకి కలిపి, మొబైల్ డేటా ఆపేసి, క్రోమ్‌లో పైన అడ్రస్ కొట్టే దగ్గర 192.168.1.1 అని కొట్టండి, జియో డబ్బా అయితే 192.168.29.1, కొన్నిటికి 192.168.0.1. ఏదీ తెరుచుకోకపోతే ఫోన్ సెట్టింగుల్లో వైఫై పేరు పక్కన గేరు బొమ్మ నొక్కి కిందికి వెళ్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటాది, అదే కొట్టండి. సైట్ సెక్యూర్ కాదు అని వార్నింగ్ వస్తే కంగారు పడకండి, అది మన గోడకున్న డబ్బాయే, అడ్వాన్స్‌డ్ అనేది నొక్కి లోపలికి పోవాలి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చాలావరకు డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటాయి, చీమల్లాంటి అక్షరాలు, గోడకి మేకుతో బిగించేసి ఉంటే డబ్బాని ఊపకండి, లోపలికొచ్చే ఆ సన్న పసుపు వైరు మడతపడితే ఎర్ర లైటు వెలిగి నెట్టే పోతాది, ఫోన్ కెమెరా సందులోకి పెట్టి ఫొటో తీసి జూమ్ చేసుకోండి. కేబుల్ ఆపరేటర్ ద్వారా వచ్చిన కనెక్షన్ అయితే, ఏపీ ఫైబర్‌నెట్ లాంటివి, ఒక్కోసారి లాగిన్ ఆపరేటర్ దగ్గరే ఉంటాది, ఫోన్ చేసి అడగండి, ఇవ్వకపోతే ఆయన్నే వచ్చి కింద చెప్పినవి చేసిపెట్టమనండి.

లోపలికెళ్ళాక ముందు చేసే పని ఆ లాగిన్ పాస్‌వర్డ్ మార్చడం. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ సెట్టింగుల పాస్‌వర్డ్ వేరు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. తర్వాత కనెక్టెడ్ డివైసెస్ అనో క్లయింట్ లిస్ట్ అనో ఉన్నది తెరవండి, వరసగా పేర్లొస్తాయి, రెడ్‌మీ, వివో, ఒక టీవీ, ఉత్తి ఆండ్రాయిడ్ అని ఒకటి, పేరే లేకుండా అంకెలూ అక్షరాలూ కలిసినవి కొన్ని. ఇంట్లో ఫోన్లు ఒక్కోటి వైఫై ఆపుకుంటూ లిస్టు రిఫ్రెష్ చేస్తే ఏది ఎవరిదో తేలిపోతాది, మిగిలినవి వీధివి.

ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్, అంటే అదే డబ్బాలోంచి బయటోళ్ళ కోసం విడిగా ఇచ్చే రెండో వైఫై. విడిగా కొనుక్కున్న రౌటర్లలో ఆ పేరుతోనే మెనూ ఉంటాది, ఆన్ చేసి పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి, లోకల్ నెట్‌వర్క్ చూడనివ్వాలా అని అడిగితే వద్దు అని పెట్టండి. కంపెనీ ఇచ్చే ఫైబర్ డబ్బాల్లో చాలావాటికి గెస్ట్ అని రాసుండదు, ఎస్ఎస్ఐడీ (అంటే వైఫై పేరు) 1, 2, 3, 4 అని ఉంటాయి, మీరు వాడేది మొదటిది, రెండోదాన్ని ఎనేబుల్ చేసి పక్కింటోళ్ళకి అదివ్వొచ్చు. కాకపోతే పేరు వేరైనంత మాత్రాన నెట్‌వర్క్ వేరైపోదు, అక్కడే ఐసోలేషన్ (ఒకరికొకరు కనబడకుండా విడదీయడం) అని ఒక టిక్కు ఉంటాది, ఎస్ఎస్ఐడీ ఐసోలేషన్ అనో ఏపీ ఐసోలేషన్ అనో, అది పెట్టాలి. పెట్టి వదిలేయకండి, పరీక్ష చెయ్యండి. మీ ఫోన్‌ని కొత్త పేరుకి కలిపి ఇందాకటి 192 నంబరు మళ్ళీ కొట్టండి, యూట్యూబ్ తెరిచి క్యాస్ట్ నొక్కండి. లాగిన్ పేజీ రాకుండా, టీవీ కనబడకుండా, నెట్ మాత్రం వస్తుంటే పని సరిగ్గా జరిగినట్టు. టీవీ ఇంకా కనబడుతోందంటే ఆ టిక్కు పనిచెయ్యట్లేదు, లాగిన్ పేజీ ఒక్కటే వస్తోందంటే కొన్ని డబ్బాల్లో ఆ టిక్కు దాన్ని ఆపదు, ఇందాక మార్చిన లాగిన్ పాస్‌వర్డే దానికి కాపలా.

ఐసోలేషన్ పనిచెయ్యని పాత డబ్బా అయితే ఒక మామూలు రౌటర్ కొని ఫైబర్ డబ్బా లాన్ పోర్టులోంచి (నెట్ బయటికిచ్చేది) దాని వాన్ పోర్టుకి (నెట్ లోపలికి తీసుకునేది) వైరు కలపడం ఒక దారి. ఇక్కడ అందరూ తిరగేసి చేస్తారు, కొత్త రౌటర్ పక్కింటోళ్ళకి ఇచ్చి పాతది తాము వాడుకుంటారు. వెనక రౌటర్‌లో ఉన్నోళ్ళు ముందు డబ్బాలో ఉన్నవాటిని చేరగలరు, ముందున్నోళ్ళు మాత్రం వెనక రౌటర్ దాటి లోపలికి రాలేరు, కాబట్టి మన ఫోన్లు, టీవీ, కెమెరా వెనకున్న కొత్త రౌటర్‌లో ఉండాలి, ఫైబర్ డబ్బా వైఫై వాళ్ళకి వదిలెయ్యాలి. కొత్తది రౌటర్ మోడ్‌లోనే ఉండాలి, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే రెండూ కలిసిపోతాయి, ఖర్చు దండగ.

"ఇదంతా ఇప్పుడు చెప్తే ఏటి లాభం, మా పాస్‌వర్డ్ వీధంతా ఎప్పుడో తిరిగేసింది" అనేవాళ్ళకి నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది. ఇప్పుడున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండూ అచ్చుగుద్దినట్టు అలాగే తీసుకెళ్ళి గెస్ట్‌కి పెట్టెయ్యండి, సెక్యూరిటీ రకం (వైఫైకి వేసే తాళం రకం) కూడా అదే ఉంచండి. మెయిన్‌కి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. అంతే, వీధిలో ఫోన్లన్నీ పాత పేరు చూసి వాటంతటవే గెస్ట్‌లో పడిపోతాయి, ఎవరికీ ఏమీ తెలీదు, "మార్చేసినావేటి బాబూ" అనే మాట రాదు. మీ ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా మాత్రం ఓపిగ్గా ఒక్కోటీ కొత్త పేరుకి మార్చుకోవాలి, వాటిల్లో పాతది ఫర్‌గెట్ కొట్టడం మర్చిపోకండి, లేకపోతే మీ టీవీయే వెళ్ళి గెస్ట్‌లో కూర్చుంటాది. తర్వాత తీరిగ్గా, ఏ పండగ అయిపోయాకో, గెస్ట్ పాస్‌వర్డ్ కూడా మార్చొచ్చు. విజయనగరంలో ఉన్నోళ్ళకైతే సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలు, అందరికీ నెట్ కావాలి, వాళ్ళక్కూడా గెస్టే ఇవ్వండి, మర్నాడు మార్చెయ్యండి.

పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? మొబైల్ నంబరు వద్దు. బిగించడానికొచ్చినోళ్ళు చాలామంది అదే పెడతారు లేదా మన పేరు పక్కన 123 పెట్టి క్యాలెండర్ మీద రాసి పోతారు, మన నంబరు తెలియనోళ్ళు వీధిలో ఎవరున్నారు. 8 అక్షరాలు కనీసం, 63 దాకా పెట్టుకోవచ్చు, సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మధ్యలో అంకెలు దూర్చితే మనకి గుర్తుంటాది, ఎదుటోడికి దొరకదు. సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 ఉంటే మెయిన్‌కి అదే పెట్టండి, డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసినోడు తలుచుకుంటే గాల్లో వెళ్ళే మిగతావాళ్ళ ట్రాఫిక్‌ని విప్పే వీలుంది, మూడులో అది కుదరదు. పాత టీవీ కలవకపోతే రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్. డబ్ల్యూఈపీ అనే పాతకాలం తాళం కనబడితే దాని జోలికి పోకండి.

డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో 8 అంకెల పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం, ఆపెయ్యండి, ఇది తప్పనిసరి. ఆ 8 అంకెల పిన్‌ని రౌటర్ రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తాదని 2011 డిసెంబర్‌లో బయటపడింది, చివరి అంకె ఎలాగూ లెక్కకట్టి వచ్చేదే, అంటే కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కి దిగిపోయాయి, ఒక ల్యాప్‌టాప్, కొన్ని గంటల ఓపిక ఉంటే చాలు.

కొంతమంది వైఫై పేరు దాచేస్తారు, ఇంకొంతమంది ఫోన్ ఫోన్‌కీ మ్యాక్ అడ్రస్ (ఫోన్‌ని రౌటర్ గుర్తుపట్టే నంబరు) బ్లాక్ చేస్తూ కూర్చుంటారు. దాచిన పేరు ఉచిత యాప్‌తో కూడా బయటికొస్తాది. బ్లాక్ సంగతికొస్తే ఇప్పటి ఫోన్లు, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి, మామూలుగానే ఉత్తుత్తి మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి, సెట్టింగుల్లో ఒక ఆప్షన్ మారిస్తే వేరే అడ్రస్‌తో మళ్ళీ లోపలికొచ్చేస్తాడు. ఆ టైము పాస్‌వర్డ్ మార్చడానికి పెట్టండి.

స్పీడ్ గొడవ ఒకటుంటాది. చాలా ఇంటి ప్లాన్లకి నెలకి 3300 జీబీ దాకా ఉంటాది, పక్కింటి రీల్స్‌కి అది అయిపోదు, స్పీడే పంచుకోవాల్సొస్తాది. బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ (స్పీడ్‌కి హద్దు పెట్టేది) ఉన్న రౌటర్ అయితే గెస్ట్‌కి 5 నుంచి 10 ఎంబీపీఎస్ కట్టండి, వీడియో కాల్‌కి అది ధారాళం, ఐపీఎల్ రోజున మీకు చక్రం తిరగదు. టైమ్ షెడ్యూల్ ఉంటే రాత్రి పదకొండుకి గెస్ట్ ఆగిపోయేలా పెట్టొచ్చు, పిల్లల్ని పడుకోబెట్టలేక తల పట్టుకున్న పక్కింటి అప్పగారు మిమ్మల్ని దీవిస్తారు కూడా. గోడ అవతలికి చేరాలంటే గెస్ట్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి, 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో కొంచెం నీరసం, అది మీ హాల్లో మీరే వాడుకోండి.

డబ్బులు మాత్రం తీసుకోకండి. "సగం సగం కట్టుకుందాం బావగారూ" అని మేడ మీద అద్దెకున్నాయన మర్యాదగానే అడుగుతాడు, కానీ ఇంటి కనెక్షన్‌ని డబ్బులకి పక్కవాళ్ళకి ఇవ్వడం మామూలుగా కంపెనీ షరతులకి విరుద్ధం, పైగా డబ్బు తీసుకున్నాక నెట్ ఆగిన ప్రతిసారీ ఫోన్ మనకే, "ఏటి బాబూ సగం కట్టినాం గదా" అంటే సమాధానం లేదు. నిజంగా నలుగురికీ వైఫై అమ్ముకోవాలనుంటే దానికి 2020 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పీఎం వాణి పథకం ఉంది, కిరాణా కొట్టు, టీ కొట్టు వాళ్ళు కూడా లైసెన్స్ ఫీజు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీస్ (జనానికి వైఫై ఇచ్చే చోటు) పెట్టుకోవచ్చు, వాడేవాళ్ళ లాగిన్ వివరాలు ఆ వ్యవస్థలోనే నమోదవుతాయి. మేడ మీదాయనకి అంత అవసరమైతే కేబుల్ ఆపరేటర్ నంబరు ఇచ్చి ఇంకో కనెక్షన్ పెట్టించుకోమనండి, వైరు ఎలాగూ మీ గోడ దాకా వచ్చే ఉంది.