తుపాను వెలిశాక ఆవలో దోనె షికారు: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

తుపాను వెళ్లిన రెండు మూడు రోజులకు విశాఖలో ఎండ కాస్తుంది. ఆకాశం కడిగినట్టు ఉంటుంది, బీచ్ రోడ్డులో మళ్లీ జనం కనిపిస్తారు. చాలామందికి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు గుర్తొచ్చేది కూడా అప్పుడే. "నీళ్లు నిండుగా ఉంటాయి, ఈ ఆదివారం పోదాం పద" అంటారు. నేను చెప్పేది ఒక్కటే: వెళ్లండి, కానీ ఆ ఆదివారం మాత్రం వద్దు.

ఊళ్లో వాన ఆగినంత మాత్రాన ఆవ ఊరుకోదు. చుట్టూ ఉన్న కొండల నుంచి గెడ్డలు (వాగులు) ఇంకా దిగుతూనే ఉంటాయి, పొలాల్లో నిలిచిన నీరూ మెల్లగా అక్కడికే చేరుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. వేళ్లతో సహా లేచిపోయిన చెట్లను మనమంతా చూశాం. అంత కాకపోయినా, పెద్ద గాలి ఏది వచ్చినా గట్టు మీద చెట్లు, కంచె తీగలు, కరెంటు స్తంభాలు నీళ్లలో పడతాయి. పైకి మాత్రం నీరు ప్రశాంతంగానే ఉంటుంది.

మొదట కబుర్లు కనుక్కోండి

విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే బులెటిన్ చూడండి. తుపాను వెనకే ఇంకో అల్పపీడనం రావడం అక్టోబరు, నవంబరుల్లో మనకు కొత్త కాదు. పిడుగుల సంగతి దామిని యాప్‌లో తెలుస్తుంది. ఆవ ఉన్నది అనకాపల్లి జిల్లాలో, విశాఖ నుంచి 40 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కాబట్టి దారి గురించీ అడగాలి. రైవాడ జలాశయం గేట్లు ఎత్తితే శారదా నదిలో వరద పెరుగుతుంది, ఆ వైపు లోతట్టు రోడ్లు మునగవచ్చు. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే కారు వెనక్కి తిప్పేయండి.

అన్నిటికంటే నమ్మకమైన కబురు దోనె నడిపేవాళ్ల దగ్గర ఉంటుంది. వెళ్లే ముందే ఫోన్ చేయండి. "పడవ ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు. "వలలు వేస్తున్నారా అన్నా?" అని అడగండి. వాళ్లు రోజూ మామూలుగా వేటకు దిగుతున్నారంటే నీరు సర్దుకుంటున్నట్టే. "ఇప్పుడే వద్దు బాబూ, డెక్క ఇంకా కదులుతోంది" అన్నారంటే ఇక బతిమాలకండి.

ఈ డెక్క సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డెక్క అంటే గుర్రపు డెక్క అనే నీటి మొక్క. దానికి వేళ్లుంటాయి కానీ నేలలో పాతుకోవు, నీటి మీదే తేలుతుంటాయి. పెద్ద గాలికి అదంతా ఒక మూలకు కొట్టుకుపోయి చాపలా పేరుకుంటుంది. గాలి మళ్లిందంటే ఆ చాప మొత్తం కదిలివచ్చి, మీరు వెళ్లిన దారినే మూసేస్తుంది. అందులో ఇరుక్కుంటే తెడ్డు ఆడదు. దిగి తోద్దామంటే కింద ఎంత లోతుందో తెలియదు. పైగా వరదకు కొట్టుకొచ్చిన పాములు తలదాచుకునేది కూడా ఆ డెక్క మీదే. నిరుడు బాగున్న దారి ఈ ఏడు ఉంటుందని అనుకోవద్దు.

ముందు గట్టు మీద నడవండి

వీలైతే ఒకరోజు ముందే వెళ్లి రండి. కుదరకపోతే అదే రోజు ఓ గంట ముందు చేరుకోండి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గట్టు వెంట నడిచి తిరిగొచ్చి చూడండి. నీరు పుల్లను దాటి పైకి వచ్చిందంటే ఇంకా పెరుగుతోందని అర్థం, ఆ రోజు మానేయాల్సిందే. తర్వాత తెడ్డు నీళ్లలో నిలువుగా ముంచండి. రెండడుగుల లోతులో దాని ఆకు కనిపించకపోతే మునిగిన మొద్దు కూడా మీకు కనిపించదు. నీరు కుళ్లు వాసన కొడుతున్నా, చేపలు తేలి ఉన్నా ఇంకో వారం ఆగాలి. తెగిన కరెంటు తీగ కనబడితే అందులో కరెంటు ఉందనే అనుకుని దూరం జరగండి, 1912కు ఫోన్ చేయండి.

దోనె, మనుషులు

ఇక్కడి దోనె అంటే తొలిచిన రెండు తాటి బోదెలను జత చేసి కట్టింది. తుపానులో అది గట్టుకు కొట్టుకుని ఉండవచ్చు. కట్టు బిగువుగా ఉందా, పగుళ్లు ఉన్నాయా అని మీరే చేయి పెట్టి చూడండి. దోనెకు ఇద్దరు ప్రయాణికులు చాలు, నలుగురం సర్దుకుంటాం అనకండి. సొంత కయాక్ ఉన్నవాళ్లయినా ఈసారికి ముందు స్థానికుల దోనెను పెట్టుకుని, దాని వెనకాలే వెళ్లడం మంచిది. డబ్బు దగ్గర బేరమాడకండి. తుపాను రోజుల్లో వాళ్లకు వేట ఉండదు, సంపాదనా ఉండదు.

లైఫ్ జాకెట్ తొడుక్కోవడంతో పని అయిపోదు. బకిల్స్ బిగించాక, పక్కన ఉన్నవారిని మీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే అది నీళ్లలో మిమ్మల్ని వదిలేసి తేలుతుంది. పిల్లలకు పిల్లల సైజే కావాలి. దొరకకపోతే వాళ్లను గట్టు మీదే ఉంచి నీటికాకుల్ని, లకుముకి పిట్టల్ని చూపించండి.

జీన్స్ వేసుకోవద్దు, తడిస్తే బరువెక్కుతుంది. మనిషికి లీటరున్నర తాగునీరు, ఓఆర్ఎస్ ప్యాకెట్, విజిల్, కవర్లో పెట్టిన ఫోన్ ఉంటే చాలు. ఏ వైపు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి రండి.

నీటి మీద

పొద్దున్నే దిగి, పది గంటలకల్లా గట్టెక్కండి. మధ్యాహ్నం గాలి లేస్తుంది. నవంబరులో అయితే సాయంత్రం 5:30 లోపే పొద్దు గూకుతుంది. దోనెలో లేచి నిలబడొద్దు, తామరపూల కోసం పక్కకు వంగొద్దు. ఉరుము వినబడితే పిట్టలు ఎంత బాగున్నా వెనక్కి రావాలి.

పాము కరిస్తే కట్టు కట్టకండి, కోయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ఇంటికి వచ్చాక

వరద నీటిలో ఎలుకల మూత్రం కలుస్తుంది, ఎలుక జ్వరం దాని వల్లే వస్తుంది. కాళ్లకు పుండ్లు, గాయాలు ఉన్నవారు అసలు వెళ్లకపోవడమే మేలు. మిగతావారు ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయాలి. నెల లోపు జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్లు ఎర్రబడటం లాంటివి కనిపిస్తే మామూలు జ్వరమేలే అని మాత్రలు మింగి ఊరుకోకండి. డాక్టరు దగ్గరకు వెళ్లి, ఫలానా తేదీన ఆవ నీళ్లలో తిరిగామని ముందే చెప్పండి.