సెల్ఫ్ తిరుగుతోంది, బండి మాత్రం స్టార్ట్ కాదు: నా అనుభవం

మాది 2004 మోడల్ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) పెట్రోల్ కారు. ఎండలో కాసేపు ఆపితే చాలు, సెల్ఫ్ బలంగా తిరిగేది కానీ ఇంజిన్ అందుకునేది కాదు. బ్యాటరీ, ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చినా లాభం లేదు.

చివరికి స్టార్ట్ కాని టైంలోనే సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి, వెనక సీటు దగ్గర చెవి పెట్టి విన్నాను. ట్యాంకులోని ఫ్యూయల్ పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మనాలి, చప్పుడే లేదు. ఫ్యూజు బాగానే ఉంది. తాళం ఆపేసి, ఫ్యూయల్ పంప్ రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్ లాంటిది) పీకి, అదే నంబరున్న హారన్ రిలే అక్కడ పెట్టి తిప్పితే పంపు మోగింది, ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకుంది! పాత రిలే మూత ఊడదీస్తే ఒక పిన్ను చుట్టూ టంకం వెంట్రుకంత సన్నగా చీలి ఉంది; వేడికి అది విడిపోయి పంపుకు కరెంటు ఆగిపోయేదన్నమాట. కొత్తది వేశాక వేసవంతా ఇబ్బంది లేదు.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. పంపు మోగుతున్నా స్టార్ట్ కాకపోతే ముందు స్పార్క్, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది) చూడండి.