కోర్టు మెట్లెక్కే ముందు: విడిపోతున్న దంపతులకు ఉన్న దారులు
భార్యాభర్తలు కలిసి బతకలేమని తేల్చుకున్నప్పుడు మన ఊళ్ళలో మొదట జరిగేది పెద్దమనుషుల పంచాయితీ. ఇరువైపుల వారినీ కూర్చోబెట్టి, సారె సామాను, బంగారం లెక్క తేల్చి, స్టాంపు కాగితం మీద సంతకాలు చేయించి ఇక ఎవరి దారి వారిదంటారు. ఆ కాగితంతో హిందూ వివాహం రద్దు కాదు. విడాకుల ఆచారం ఉన్నట్లు రుజువు చేయగలిగిన కొన్ని కులాల్లో తప్ప, విడాకుల డిక్రీ, అంటే తీర్పు ఉత్తర్వు, కోర్టే ఇవ్వాలి. అయితే డిక్రీ కోర్టు ఇవ్వవలసిందే కాబట్టి పోరు కూడా కోర్టులోనే సాగాలన్న నియమం ఏదీ లేదు.

ముందుగా జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు గానీ, దగ్గరలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి గానీ వెళ్ళండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరం చెబుతారు. కేసు వేయకముందే తగాదాను మధ్యవర్తిత్వానికి పంపమని అర్జీ ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక దంపతుల కేసులో సుప్రీంకోర్టు 2013లో ఇటువంటి ఏర్పాటు గురించే గట్టిగా చెప్పింది.

మధ్యవర్తి తీర్పు చెప్పరు. ఇద్దరితో కలిపీ విడివిడిగానూ మాట్లాడి, వారే ఒక ఒప్పందానికి వచ్చేలా చూస్తారు. అక్కడ అన్న మాటలు గోప్యంగా ఉంటాయి. గొంతు పెద్దదైన పక్షం నెగ్గే పంచాయితీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కానీ ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే రాజీ కోసం కూర్చోవద్దు. ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి, లేదా సఖి కేంద్రానికి వెళ్ళండి. వైద్యం, పోలీసు సాయం, తాత్కాలిక ఆశ్రయం అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

చర్చకు వెళ్ళేటప్పుడు పెళ్ళి ఫోటోలు, శుభలేఖ, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఇద్దరి ఆదాయ వివరాలు, నగల జాబితా వెంట ఉంచుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పిల్లల విషయానికే కేటాయించమని నా మనవి. "బిడ్డ తల్లి దగ్గర ఉంటాడు, తండ్రి చూసి వెళ్ళవచ్చు" అన్న ఒక్క వాక్యం ఆరు నెలల్లో కొత్త తగాదా అవుతుంది. ఏ వారం, ఏ గంటకు, ఎవరు తీసుకెళ్ళి ఎవరు దింపాలి, సంక్రాంతి, దసరా సెలవులు ఎవరింట్లో, బడి ఫీజు ఏ నెలలో ఎవరు కట్టాలి, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, నానమ్మ తాతయ్యలు ఎప్పుడు చూడవచ్చు అన్నవన్నీ రాయించాలి. బిడ్డను సాక్షిగా కూర్చోబెట్టవద్దు. ఎవరి దగ్గర ఉంటావని పదిమందిలో అడగవద్దు. భార్య తన భరణాన్ని వదులుకున్నా, బిడ్డ భరణ హక్కు కూడా దానితో పోయినట్లు కాదు.

ఒప్పందం కుదిరాక, ఏడాదిపాటు విడిగా ఉన్న హిందూ దంపతులు హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద పరస్పర అంగీకారంతో కలిసి పిటిషన్ వేయవచ్చు. మామూలుగా ఆరు నెలలు ఆగి రెండోసారి కోర్టు ముందు అడగాలి. అన్ని అంశాలూ నిజంగా పరిష్కారమైతే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు గనుక, మొత్తం సొమ్ము ముందే చేతులు మారకుండా విడతలను ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. విడాకులు కాక భరణం, నగల వంటి వివాదం మాత్రమే మిగిలి ఉంటే లోక్ అదాలత్ చాలు. అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందు ప్రతి పంక్తినీ చదివించుకోండి.

డిక్రీ వచ్చాక ధ్రువీకృత నకలు ఇద్దరూ విడివిడిగా తీసుకుని, బ్యాంకు, బీమా, భవిష్యనిధి నామినీలను అదే వారంలో మార్పించుకోవాలి.