ప్లాస్టిక్ పార్టులకి ఫ్రీలాన్స్ క్యాడ్ పని ఎలా చేయాలి

వైజాగ్‌లో మెకానికల్ పూర్తి చేసి, క్యాడ్ (కంప్యూటర్ మీద డిజైన్ గీయడం) నేర్చుకుని, ఇంటి నుంచే ప్లాస్టిక్ పార్టుల డిజైన్ మొదలుపెడదామనుకునే వాళ్లకి ముందు ఒక మాట చెప్పాలి. తెర మీద ఎంత అందంగా ఉన్నా, మౌల్డ్‌లోంచి, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని నింపే స్టీల్ అచ్చులోంచి, ఊడి రాని పార్టు పనికిరాదు. మోడల్ మొదలుపెట్టిన రోజే, మౌల్డ్ ఎటు తెరుచుకుంటుంది, పార్టింగ్ లైన్ (మౌల్డ్ రెండు సగాలు కలిసే గీత) ఎక్కడ పడుతుంది, పార్టుని బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్ ఎక్కడ తోస్తుంది అన్నవి కాగితం మీద గీసుకోండి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్‌కి కంట్రోల్ బాక్స్, లోతు 80 మిల్లీమీటర్లు. గోడలు నిటారుగా గీసి, 3డి ప్రింట్ తీసి, సర్క్యూట్ బోర్డు చక్కగా కూర్చుందని క్లయింట్‌కి చూపించి ఓకే తీసుకున్నాను. తర్వాత మౌల్డ్ చేసే ఆయన డ్రాఫ్ట్, అంటే పార్టు తేలిగ్గా ఊడి రావడానికి గోడలకి ఇచ్చే వాలు, ఏదని అడిగితే, ఆ రాత్రే గోడలకి 1 డిగ్రీ వాలు ఇచ్చి ఫైల్ పంపేశాను. 80 మిల్లీమీటర్ల లోతులో 1 డిగ్రీ అంటే ఒక్కో వైపు దాదాపు 1.4 మిల్లీమీటర్లు, అంటే బాక్స్ మూతి దగ్గర ఉన్న వెడల్పు అడుగున దాదాపు 2.8 తగ్గిపోయింది, మౌల్డ్ అయ్యాక చూస్తే బోర్డు అడుగుకి దిగలేదు. లోపల వెడల్పు పెంచాలంటే కోర్‌కి, అంటే మౌల్డ్‌లో బాక్స్ లోపలి ఆకారాన్నిచ్చే ముక్కకి, స్టీల్ కలపాలి, అది కుదరక కోర్ కొత్తగా చేయాల్సి వచ్చింది. అంత డబ్బు పోగొట్టుకున్న క్లయింట్ ముఖం నాకింకా గుర్తుంది. అందుకే డ్రాఫ్ట్ చివర్లో అద్దే రంగు కాదు, మొదటి స్కెచ్ నుంచే ఉండాలి. నున్నటి గోడకి 1 డిగ్రీ, టెక్స్చర్ ఉంటే దాని లోతుని బట్టి 3 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు క్లయింట్‌ని అడగండి: ఎన్ని కావాలి, ఎక్కడ పెడతారు, లోపల ఏముంటుంది, మౌల్డ్ ఎవరు చేస్తారు. వంద పీసులే కావాలంటే ఇంజెక్షన్ మౌల్డ్ వద్దని చెప్పేయండి, ఆ పని పోయినా ఆ మనిషి రేపు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. మన తీరంలో ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం. ఎండలో ఉండే బాక్స్‌కి మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ ఇస్తే పసుపెక్కి పెళుసుబారుతుంది, ఎండకి తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ అడగండి. నైలాన్ గాలిలో తేమ పీల్చుకుని కొలతలు మారుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి రాయండి, మామూలు ఇనుపవి ఉప్పుగాలికి నిలవవు.

గోడ మందం అంతటా ఒకేలా ఉంచండి, ఇలాంటి బాక్సులకి 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు సరిపోతుంది. మందంగా ఉన్న చోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, లోపలికి లాక్కుని, బయట గుంట పడుతుంది, దాన్నే సింక్ మార్క్ అంటారు. బలం కావాలంటే గోడ లావు చేయకుండా రిబ్ (గోడకి ఆసరాగా నిలిచే సన్నటి పట్టీ) ఇవ్వండి, దాని మందం గోడ మందంలో 50 నుంచి 60 శాతమే. స్క్రూ బాస్‌ని, అంటే స్క్రూ బిగించే గొట్టాన్ని, గోడలో కలిపేయకండి, కాస్త దూరం పెట్టి సన్నటి రిబ్‌తో కట్టండి. లోపలి మూలలకి గుండ్రం తప్పనిసరి, పదునుగా వదిలితే పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

లాక్ కొక్కేలు, బిగుతుగా కూర్చునే చోట్లు మొదట కాస్త వదులుగానే ఇవ్వండి. మౌల్డ్‌లో స్టీల్ కోస్తే ప్లాస్టిక్ పెరుగుతుంది, అది తేలిక. ప్లాస్టిక్ తగ్గించాలంటే స్టీల్ కలపాలి, అదే నా బాక్స్‌కి వచ్చిన కష్టం. కొక్కెం కింద గోడలో చిన్న కిటికీ పెడితే చాలాసార్లు స్లైడర్ (మౌల్డ్‌లో పక్కకి జరిగే ముక్క) అవసరమే ఉండదు, మౌల్డ్ ఖర్చు బాగా తగ్గుతుంది.

ష్రింకేజ్, అంటే చల్లారాక ప్లాస్టిక్ కుంచించుకునే లెక్క, మీరు కలపకండి, మౌల్డ్ చేసే టూల్‌రూమ్ వాళ్లు కలుపుతారు, ఇద్దరూ కలిపితే పార్టు పెద్దదైపోతుంది. ఏబీఎస్ సుమారు అర శాతం, పీపీ (పాలీప్రొపిలీన్) 1 నుంచి 2.5 శాతం దాకా కుంచించుకుంటుంది కాబట్టి, ఒకదానికి కోసిన మౌల్డ్‌లో రెండోది పోస్తే కొలతలు రావు. మెటీరియల్ పేరు డ్రాయింగ్ మీద రాసి క్లయింట్ చేత ఒప్పించుకోండి. ఫైల్ చాలా క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే స్టెప్ ఫార్మాట్‌లో, దాంతోపాటు ముఖ్యమైన కొలతలతో పీడీఎఫ్ డ్రాయింగ్ ఇవ్వండి. ప్రతి కొలతకీ 0.05 మిల్లీమీటర్ల టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) రాస్తే రేటు పెరుగుతుంది.

డబ్బు విషయం మొహమాటపడకండి. అడ్వాన్స్ తీసుకున్నాకే పని, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే రాతలో, చివరి చెల్లింపు అందేదాకా చూడటానికి మాత్రమే పనికొచ్చే ఫైల్. దొంగ సాఫ్ట్‌వేర్ వద్దు, ఫ్యూజన్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వ్యాపారానికి ఇచ్చింది కాదు, చేతిలో డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌తో మొదలుపెట్టండి.

వీలైతే గాజువాక ఆటోనగర్ వైపు తెలిసిన మౌల్డింగ్ షాపులో ఒక పూట నిలబడి పార్టులు ఊడిపడటం చూడండి. మీ పార్టు మొదటి శాంపిళ్లు వచ్చిన రోజు వెర్నియర్ పట్టుకుని వెళ్లండి, కానీ వేడిగా ఉన్నప్పుడు కొలిచి తీర్పు చెప్పకండి, ముఖ్యంగా పీపీ అయితే ఇంకా కుంచించుకుంటూనే ఉంటుంది. శాంపిళ్ల మీద నంబర్లు వేసి ఇంటికి తెచ్చి, మర్నాడు కొలిచి రాసి పంపండి.