మాకరోని చీజ్: సాస్ ఎందుకు విరుగుతుంది, ఏం చేయాలి

మాకరోని చీజ్‌కి కావాల్సినవి ఐదే: మాకరోని, వెన్న, మైదా, పాలు, చీజ్. దాచడానికి మసాలా ఏమీ ఉండదు కాబట్టి ఎక్కడ తేడా వచ్చినా నాలుక వెంటనే పట్టేస్తుంది. 250 గ్రాముల మాకరోనికి వెన్న 40 గ్రాములు, మైదా 40 గ్రాములు, పాలు 600 మి.లీ., తురిమిన చెడ్డార్ రకం చీజ్ 250 గ్రాములు. నలుగురికి సరిపోతుంది. మైదాని వెన్నలో వేయించి, పాలు పోసి చిక్కబరిచి, చీజ్ కరిగిస్తే సాస్; ఉడికిన మాకరోనిని అందులో కలిపి, కావాలంటే ఓవెన్‌లో పెట్టాలి. కింద చెప్పిన సమస్యల్లో ఎక్కువమందిని ఏడిపించేది మొదటిదే.

సాస్ రవ్వరవ్వగా ఉంది, అంచుల్లో నూనె తేలుతోంది

కారణం: చీజ్‌కి మంట ఎక్కువైంది. చీజ్ అంటే ప్రోటీన్ల వలలో చిక్కుకున్న కొవ్వు, నీరు. వేడి మితంగా ఉంటే వల మెల్లగా వదులై పాలల్లో కలిసిపోతుంది. సాస్ కుతకుత ఉడుకుతుండగా తురుము వేస్తే ప్రోటీన్లు బిగుసుకుని ముద్దలవుతాయి, కొవ్వు బయటికి కారుతుంది. నోట్లో రవ్వలా తగిలేది ప్రోటీన్, పసుప్పచ్చగా మెరిసేది కొవ్వు.

పరిష్కారం: సాస్ చిక్కబడగానే పొయ్యి కట్టేయండి. రెండు నిమిషాలు ఆగి, తురుము గుప్పెడు గుప్పెడు వేస్తూ, ముందు వేసింది కరిగాకే తర్వాతది వేయండి. సాస్‌లో ఉన్న వేడే చాలు. మరీ కరగకపోతే సిమ్‌లో అర నిమిషం పెట్టి దించేయండి, అంతే.

ఇప్పటికే విరిగిపోయిందా? గిన్నె దించి, రెండు మూడు చెంచాల చల్లని పాలు పోసి విస్కర్‌తో గట్టిగా గిలకొట్టండి. కొంచెం విరిగినదైతే మళ్ళీ కలుస్తుంది. బాగా విరిగితే గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి మిక్సీలో తిప్పాలి. వేడివేడిగా తిప్పితే మూత ఎగిరిపోతుంది, జాగ్రత్త. అప్పటికీ కాస్త రవ్వతనం మిగలొచ్చు. చూడ్డానికి బాగుండకపోయినా తినడానికి ఇబ్బంది లేదు.

ఇక మళ్ళీ మళ్ళీ విరుగుతోందంటే చీజ్ సంగతి చూడాలి. ఎక్కువ నెలలు మాగిన చెడ్డార్‌కి రుచి ఎక్కువ, కానీ తొందరగా విరుగుతుంది. 200 గ్రాముల చెడ్డార్‌కి 50 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్ కలపండి. మన కిరాణా షాపుల్లో దొరికే క్యూబులు, స్లైసులు ఈ రకమే. వీటిలో కలిపే లవణాలు కొవ్వునీ నీటినీ విడిపోనివ్వవు. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్ పట్టణంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ చీజ్‌ని సోడియం సిట్రేట్‌తో కరిగించి నిలవ ఉండేలా చేసినప్పటి నుంచీ ప్రాసెస్డ్ చీజ్ కిటుకు ఇదే. అలాగని మొత్తం క్యూబులతోనే చేస్తే సాస్ నున్నగా వస్తుంది గానీ, ఉప్పు తప్ప రుచేమీ ఉండదు. నేనైతే చేయను.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ముందే తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌కి, అంటుకోకుండా బంగాళాదుంప పిండి, సెల్యులోజ్ లాంటివి అద్దుతారు. దాంతో సాస్ గరుకుగా వస్తుంది. దిమ్మ కొని ఇంట్లోనే తురుముకోండి.

తీగలు సాగుతోంది, ఒకే ముద్దలా గరిటెకి వస్తోంది

మోజరెల్లా వాడారన్నమాట. పిజ్జా మీద సాగాలి, ఇక్కడ కరగాలి. కావాలంటే పైన చల్లడానికి కొంచెం ఉంచుకుని సాస్‌లోకి చెడ్డార్ వాడండి.

ఉండలు కట్టింది, పచ్చి మైదా వాసన వస్తోంది

పాలు ఒక్కసారిగా పోస్తే ఉండలు కడతాయి. మొదటి అర కప్పూ కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే తర్వాత భయం లేదు. కట్టిన ఉండల్ని చీజ్ వేయకముందే జల్లెడలో వడకట్టేయండి. వాసన పోవాలంటే మైదాని వెన్నలో రంగు మారకుండా రెండు నిమిషాలు వేయించి, పాలు పోశాక మరో నాలుగైదు నిమిషాలు సిమ్‌లో ఉడకనివ్వాలి. చీజ్ పడ్డాక ఇంక ఉడికించే వీలుండదు, కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

గిన్నెలో బాగానే ఉంది, ఓవెన్‌లోంచి తీశాక ఎండిపోయింది

మాకరోని ఓవెన్‌లో కూడా సాస్ పీలుస్తూనే ఉంటుంది. అందుకే ప్యాకెట్ మీద రాసినదానికంటే రెండు నిమిషాలు ముందే వార్చేయాలి. కొరికితే మధ్యలో చిన్న పలుకు తగలాలి. సాస్ కూడా దోసె పిండికంటే పలచగా, ఇదేంటి ఇంత జారుగా ఉందనిపించేలా ఉండాలి. మాకరోని ఉడికించిన నీళ్ళు ఒక కప్పు పక్కన పెట్టుకుంటే, చిక్కగా అనిపించినప్పుడు కలపొచ్చు. లోపల అన్నీ ఉడికినవే కాబట్టి 200 డిగ్రీల సెల్సియస్‌లో పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. పైన రంగు వస్తే తీసేయండి.

అమెరికాలో నల్లజాతి కుటుంబాలు థాంక్స్‌గివింగ్‌కి చేసే మాకరోని చీజ్‌లో చాలామంది గుడ్లు, పాలు కలిపి బేక్ చేస్తారు. అది గట్టిపడాలి, ముక్కలుగా కోసి వడ్డించాలి. మీరు ఆ పద్ధతి చూసి చేసి ఉంటే గట్టిగా రావడం లోపం కాదు.

ఓవెన్ లేకపోతే టెన్షన్ పడొద్దు. బ్రెడ్ పొడిని వెన్నలో ఎర్రగా వేయించి వడ్డించేముందు చల్లితే కరకరలాడుతుంది.

మాకరోని మెత్తబడి చిదిగిపోతోంది

దీనికి మందు లేదు. వచ్చేసారి డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసింది కొనండి, మైదాతో చేసింది త్వరగా మెత్తబడుతుంది.

అన్నీ కుదిరాయి, కానీ చప్పగా ఉంది

మొదట మాకరోని ఉడికించే నీళ్ళలో ఉప్పు వేశారో లేదో గుర్తు చేసుకోండి. తర్వాత ఆవపొడి. ఇంగ్లండ్‌లో ఈ సాస్‌లో మస్టర్డ్ పొడి వేయడం మామూలే. ఆవకాయకి దంచిన పొడి మిగిలి ఉంటే అదే పావు చెంచా చాలు, ఎక్కువైతే చేదు. చిటికెడు జాజికాయ పొడి, కొంచెం మిరియాలు కూడా బాగుంటాయి. పచ్చిమిర్చి తరుగు వేసినా నాకు అభ్యంతరం లేదు. గరం మసాలా వేస్తే మాత్రం చీజ్ రుచి కనబడదు.

మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే గడ్డకట్టింది

పిండిపదార్థం బిగుసుకోవడం వల్ల అలా అవుతుంది. కప్పుకి రెండు మూడు చెంచాల పాలు పోసి, మూతపెట్టి సిమ్‌లో, మధ్యమధ్య కలుపుతూ వేడి చేయండి. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో, అర నిమిషానికోసారి ఆపి కలపాలి. ఓవెన్‌లో పెట్టేటట్టయితే ఫాయిల్ కప్పండి, లేకపోతే లోపల వేడెక్కేలోపే పైపొర మాడిపోతుంది.